ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపితే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి – ఎక్కడ సరిచేయాలి?

అక్షరప్రియ

అందరికీ నమస్కారం. నేను ప్రూఫులు దిద్దే పని చేస్తాను. పేజీ మొత్తం ఒకేసారి కనిపిస్తే కంటికి తేలికగా ఉంటుందని ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో 43 అంగుళాల 4కె టీవీకి కలిపాను. వీడియోలు, ఫోటోలు చాలా బాగున్నాయి. చదవడానికి కూర్చుంటేనే ఇబ్బంది. తడి కాగితం మీద సిరాతో రాసినట్టు అక్షరాల అంచులు చెదిరిపోతున్నాయి. గుడి ఏదో, గుడిదీర్ఘం ఏదో పోల్చుకోలేకపోతున్నాను. ఒత్తులైతే ముద్దకట్టేశాయి.

గమనించినవి రాస్తున్నాను. నల్ల అక్షరాల చుట్టూ సన్నగా తెల్లటి అంచు కనిపిస్తోంది. ఎర్ర రంగులో పెట్టిన దిద్దుబాట్లు నల్లవాటికంటే ఎక్కువ మసగ్గా ఉన్నాయి. టాస్క్‌బార్ కింది భాగం కాస్త తెగిపోయింది. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది, దాని తెర 1920×1080. రెండు తెరల మీదా ఒకటే బొమ్మ వచ్చేలా పెట్టుకున్నాను. టీవీని మానిటర్‌లా వాడటం అసలు కుదిరే పనేనా? కుదిరితే ఎక్కడ మొదలుపెట్టాలి?

తెరవెనుక

తప్పకుండా కుదురుతుందండీ. లక్షణాలు విడివిడిగా రాశారు కాబట్టి సగం పని అయిపోయినట్టే. మీకున్నది ఒక సమస్య కాదు, మూడో నాలుగో కలిశాయి. ఒక్కొక్కటే తీసేద్దాం.

ముందు టాస్క్‌బార్ సంగతి. దాన్ని ఓవర్‌స్కాన్ అంటారు. పాత పిక్చర్ ట్యూబు టీవీల్లో బొమ్మ అంచులు నిలకడగా ఉండేవి కావు. అందుకని బొమ్మను కొద్దిగా పెద్దది చేసి, అంచులను ఫ్రేము వెనక దాచేసేవారు. ట్యూబులు పోయాయి గానీ ఆ పద్ధతి చాలా ఫ్లాట్ టీవీల్లో ఉండిపోయింది. వీడియోలో అంచు కాస్త పోయినా ఎవరికీ పట్టదు. అక్షరాలకి మాత్రం అసలు దెబ్బ అంచు దగ్గర కాదు, తెరంతటా తగులుతుంది. టీవీ నాలుగు వైపులా కొంత కోసేసి, మిగిలినదాన్ని మళ్లీ తెర నిండా సాగదీస్తుంది. ల్యాప్‌టాప్ ఒక పిక్సెల్ (తెర మీది ఒక్క చుక్క) మందాన గీసిన నిలువు గీత ఇప్పుడు ఒకటికి కొంచెం ఎక్కువ పిక్సెళ్లలో పట్టాలి. ఆ 'కొంచెం' తెర మీద ఉండదు కదా! అందుకని పక్క పిక్సెల్‌ని బూడిద రంగు చేసి సర్దుతుంది. మీ గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చూపించే ఆ చిన్న మెలిక అందులోనే కలిసిపోతోంది.

టీవీ రిమోట్ తీసుకుని పిక్చర్ సెట్టింగుల్లో బొమ్మ కొలతకి సంబంధించిన చోటుకి వెళ్లండి. శాంసంగ్‌లో 'ఫిట్ టు స్క్రీన్', ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్', సోనీలో డిస్‌ప్లే ఏరియా కింద 'ఫుల్ పిక్సెల్' అని ఉంటుంది. ఇంకొన్నింట్లో 'డాట్ బై డాట్' అనో '1:1' అనో కనిపిస్తుంది. పేరు ఏదైనా అర్థం ఒకటే: వచ్చిన బొమ్మను కోయకు, సాగదీయకు.

తర్వాత తెల్లటి అంచు. అది షార్ప్‌నెస్ చేసే పని. దూరం నుంచి చూసే వీడియో కొట్టొచ్చినట్టు కనబడాలని టీవీ ప్రతి నల్ల గీత పక్కనా ఒక తెల్ల గీత కలుపుతుంది. అక్షరాలకి అది అక్కర్లేని మెరుగు. తెర దగ్గరికెళ్లి ఒక పెద్ద అక్షరం మీద కళ్లు పెట్టి, తెల్లటి అంచు పూర్తిగా మాయమయ్యేదాకా షార్ప్‌నెస్ తగ్గించండి. అన్ని టీవీల్లోనూ 0 సరైన అంకె కాదు. సోనీలో 50 దగ్గర ఏ మెరుగూ కలవదు, అంతకంటే తగ్గిస్తే బొమ్మ మెత్తబడిపోతుంది. కాబట్టి అంకె చూడకుండా అక్షరం చూసి ఆపండి. నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ లాంటివి ఉంటే ఆపేయండి.

ఈ రెండూ చేశాక ఎలా ఉందో చెప్పండి, తర్వాతది చూద్దాం.

రాగితీగ

నా సలహా: ముందు కేబుల్ మార్చండి. నాకూ ఇలాగే తెర మసకగా వచ్చేది. మంచి కేబుల్ వేశాక ఒక్కసారిగా స్పష్టంగా అయిపోయింది. సెట్టింగుల్లో గంటలు గడిపేముందు అది చూసుకోవడం మేలు.

నాలుగో_లేన్

రాగితీగ అన్నా, మీకు కేబుల్ మార్చాక బాగైందంటే నమ్ముతాను, దానికి కారణం కూడా ఉంది. కానీ ఈ కేసులో కేబుల్ మీద అనుమానం పెట్టను.

హెచ్‌డీఎంఐలో వెళ్లేది అంకెలు. తీగ బాగోలేకపోతే కొన్ని అంకెలు తప్పుగా చేరతాయి. అప్పుడు తెర మీద మిణుగురుల్లా చుక్కలు మెరుస్తాయి, బొమ్మ ఆగి ఆగి వస్తుంది, లేదా తెర నల్లబడిపోతుంది. అక్షరాలన్నీ ఒకే తీరుగా, నిలకడగా మెత్తబడటం మాత్రం చెడ్డ తీగ వల్ల జరగదు. పాత నీలం రంగు వీజీఏ కేబుల్ అయితే ఆ మాట వేరు. అది అనలాగ్, తీగ నాణ్యతను బట్టి అక్షరం నిజంగానే మసకబారుతుంది.

మరి మీకెలా బాగైంది? హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మ వెళ్లే తీగలతో పాటు, టీవీ తన వివరాలు ల్యాప్‌టాప్‌కి చెప్పుకునే తీగ ఒకటి ఉంటుంది. 'నా అసలు రిజల్యూషన్ (అడ్డంగా, నిలువుగా పిక్సెళ్ల లెక్క) ఇది, నేను తీసుకోగలిగిన మోడ్‌లు ఇవి' అని టీవీ చెప్పేది దాని ద్వారానే. ఆ వివరాలు అందకపోతే ల్యాప్‌టాప్ ఏదో తక్కువ రిజల్యూషన్‌తో సరిపెట్టేస్తుంది. కేబుల్ మార్చగానే వివరాలు అంది, సరైన రిజల్యూషన్ ఎంచుకుని ఉంటుంది. అక్కడ బాగు చేసింది రిజల్యూషనే.

అక్షరప్రియ

తెరవెనుక గారూ, చాలా మార్పు వచ్చింది! టాస్క్‌బార్ పూర్తిగా కనిపిస్తోంది. షార్ప్‌నెస్ తగ్గిస్తుంటే 'క్ష' చుట్టూ ఉన్న తెల్లటి గీత కళ్లముందే కరిగిపోయింది. ఇన్నాళ్లూ ఆ గీత నా కళ్లకే అలా అనిపిస్తోందేమో అనుకున్నాను.

ఇంకా మెత్తదనం ఉంది. ఇప్పుడు అక్షరాలు పెద్దవిగా, కాస్త మొద్దుగా కనిపిస్తున్నాయి. వంపుల దగ్గర మెట్లు మెట్లుగా ఉన్నాయి. ఎరుపు రంగు అలాగే ఉంది.

తెరవెనుక

బాగుంది. ఇక ల్యాప్‌టాప్ వైపు చూద్దాం.

రెండు తెరల మీదా ఒకటే బొమ్మ అన్నారు కదా, మిగిలిన మెత్తదనానికి మూలం అదే. అలా పెట్టినప్పుడు రెండింటికీ కుదిరే రిజల్యూషన్‌నే విండోస్ వాడుతుంది. మీ ల్యాప్‌టాప్ తెర 1920×1080 కాబట్టి టీవీకీ అదే పంపిస్తోంది. టీవీ ప్యానెల్‌లో ఉన్నవేమో 3840×2160 పిక్సెళ్లు. అంటే ల్యాప్‌టాప్ పంపిన ఒక్కో పిక్సెల్‌ని టీవీ నాలుగు పిక్సెళ్లలో పరుస్తోంది. సరిగ్గా రెండింతలే కాబట్టి ఘోరంగా ఉండదు, కానీ 4కె టీవీ కొని సగం వెడల్పు, సగం ఎత్తు స్పష్టతతో చదువుతున్నారు.

విండోస్ బటన్, పి కలిపి నొక్కండి. 'డూప్లికేట్' బదులు 'ఎక్స్‌టెండ్' గానీ 'సెకండ్ స్క్రీన్ ఓన్లీ' గానీ ఎంచుకోండి. తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి, పైన టీవీని సూచించే గడిని నొక్కి, రిజల్యూషన్ 3840×2160 పెట్టండి. అక్షరాలు చీమల్లా చిన్నవైపోతాయి. భయపడకండి, రిజల్యూషన్ తగ్గించకండి. దాని పైనే ఉన్న 'స్కేల్'ని 150 శాతం చేయండి, దూరంగా కూర్చుంటే 200. రిజల్యూషన్ తగ్గించినా, స్కేల్ పెంచినా అక్షరం పెద్దదవుతుంది. కానీ మొదటి దారిలో చిన్న అక్షరాన్ని గీసి సాగదీస్తారు. రెండో దారిలో అక్షరాన్నే పెద్దదిగా, ఎక్కువ పిక్సెళ్లతో గీస్తారు. ఒత్తులున్న లిపికి ఈ తేడా చాలా పెద్దది.

మీ 43 అంగుళాల తెరకి 1080లో అంగుళానికి 51 పిక్సెళ్లే వస్తాయి. 4కెలో 102. 15.6 అంగుళాల 1080 ల్యాప్‌టాప్ తెర మీద 141 ఉంటాయి. తెర పెద్దదైతే స్పష్టత పెరుగుతుందనుకుంటారు చాలామంది. పిక్సెళ్ల సంఖ్య పెరగకుండా తెర ఒక్కటే పెరిగితే జరిగేది దానికి తలకిందులు.

చివరగా అదే పేజీలో 'అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే' తెరవండి. అక్కడ 'డెస్క్‌టాప్ మోడ్', 'యాక్టివ్ సిగ్నల్ మోడ్' అని రెండు వరసలుంటాయి. ఈ రెండు అంకెలూ, ప్యానెల్ అసలు అంకే, మూడూ ఒకటే కావాలి. మొదటి రెండూ వేరైతే గ్రాఫిక్స్ కార్డే బొమ్మను సాగదీస్తోందని అర్థం. మసక అక్షరాల మీద ఎవరు నన్ను అడిగినా నేను మొదట అడిగేది ఈ రెండు వరసలే.

అక్షరప్రియ

రెండు వరసల్లోనూ 3840×2160 వచ్చింది. అక్షరాల వంపులు నున్నగా అయ్యాయి, పుస్తకం అచ్చులా ఉన్నాయి! 'ర్ష్య' లాంటి జంట ఒత్తులు కూడా విడివిడిగా చదవగలుగుతున్నాను.

కానీ మౌస్ ఈడ్చినట్టు కదులుతోంది, పేజీ పైకి జరిపితే కుదుపులు. రిఫ్రెష్ రేట్ దగ్గర 30 హెర్ట్జ్ ఒక్కటే చూపిస్తోంది. ఎర్ర అక్షరాలు కొద్దిగా మెరుగయ్యాయి గానీ నల్లవాటితో పోలిస్తే ఇంకా మసకే. నేను వాడే పాత పేజీ మేకప్ ప్రోగ్రాం మాత్రం, ఎందుకో గానీ, మొదటికంటే మసకగా అయింది.

నాలుగో_లేన్

30 హెర్ట్జ్, ఎర్ర అక్షరాలు – ఈ రెండింటికీ చుట్టరికం ఉంది. కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే ఏ టీవీ దగ్గరైనా మీరే తేల్చుకోగలరు.

4కె బొమ్మను సెకనుకి 60 సార్లు, ప్రతి పిక్సెల్‌కీ పూర్తి రంగుతో పంపాలంటే హెచ్‌డీఎంఐ తీగ మీద సెకనుకి సుమారు 17.8 గిగాబిట్లు పట్టే దారి కావాలి. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4కి ఉన్న దారి 10.2. 2013లో వచ్చిన 2.0కి 18. 2017 నాటి 2.1కి 48. ల్యాప్‌టాప్ పోర్టు, టీవీ పోర్టు, మధ్యలో అడాప్టర్ ఉంటే అది – వీటిలో ఏది వెనకబడితే దాని లెక్కే మొత్తానికి వర్తిస్తుంది. దారి ఇరుకైనప్పుడు రెండే మార్గాలు. సెకనుకి 30 సార్లే పంపడం ఒకటి. రంగు సమాచారం తగ్గించి 60 సార్లూ పంపడం రెండోది. రెండింటికీ ఒకటే దారి పడుతుంది, సుమారు 8.9 గిగాబిట్లు. మీ ల్యాప్‌టాప్ ఇప్పుడు మొదటిది చేస్తోంది.

మీది 4కె టీవీ కాబట్టి ముందు టీవీలోనే వెతకండి. చాలా టీవీల్లో పోర్టు పూర్తి దారి తెరిచి ఉండదు, సెట్టింగుల్లో మనమే తెరవాలి. శాంసంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', పాతవాటిలో 'హెచ్‌డీఎంఐ యూహెచ్‌డీ కలర్'. ఎల్‌జీలో 'హెచ్‌డీఎంఐ అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్'. సోనీలో 'హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్'ను 'ఎన్‌హాన్స్‌డ్' చేయాలి. మీరు కేబుల్ పెట్టిన పోర్టుకే అది వర్తించేలా చూసుకోండి. కొన్ని టీవీల్లో అన్ని పోర్టులూ సమానం కావు.

అది చేసినా 60 రాకపోతే ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ పోర్టే 1.4 అయి ఉండొచ్చు. అప్పుడు బొమ్మ పంపగల యూఎస్‌బీ-సీ పోర్టు ఉంటే, 4కె 60 హెర్ట్జ్ అని స్పష్టంగా రాసిన అడాప్టర్‌తో దాని నుంచి కలపండి. ఇక్కడ ఒక చిక్కు. పెన్‌డ్రైవ్, నెట్‌వర్క్, హెచ్‌డీఎంఐ అన్నీ ఒకే డబ్బాలో ఉన్న హబ్‌లు చాలావరకు 4కె అనే రాస్తాయి, ఇచ్చేది 30 హెర్ట్జ్. యూఎస్‌బీ-సీలో ఉన్న నాలుగు లేన్లలో రెండింటిని డేటాకి కేటాయిస్తాయి కాబట్టి బొమ్మకి సగం దారే మిగులుతుంది.

ఇక రంగు. టీవీ లోకంలో బొమ్మను రెండుగా విడదీస్తారు. వెలుగు ఒకటి, రంగు ఒకటి. మనిషి కన్ను వెలుగులో తేడాను పట్టినంత సూక్ష్మంగా రంగులో తేడాను పట్టదు. అందుకని వెలుగు ప్రతి పిక్సెల్‌కీ పంపి, రంగు మాత్రం పంచుకునేలా చేస్తారు. 4:4:4 అంటే ప్రతి పిక్సెల్‌కీ దాని రంగు దానిదే. 4:2:2 అంటే పక్కపక్క రెండింటికి ఒక రంగు. 4:2:0 అంటే రెండు వరసల్లో నాలుగింటికి కలిపి ఒక రంగు. వీడియోలన్నీ దాదాపు 4:2:0లోనే ఉంటాయి, ఎవరికీ లోటు తెలియదు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరానికీ పెద్దగా తేడా రాదు, అక్కడ రంగంటూ లేదు కాబట్టి. ఎర్ర అక్షరం దగ్గర ఆకారం చాలావరకు రంగులోనే ఉంది. ఆ రంగు నాలుగు పిక్సెళ్లకి ఒకటైతే సన్నటి గీత పక్కకి పాకిపోతుంది. మీరు మొదటి పోస్టులోనే ఈ తేడా గుర్తించారు.

తేల్చుకోవడానికి: ముదురు నీలం మీద ఎర్రటి చిన్న అక్షరాలు టైపు చేసి, తెరకి జానెడు దూరంలోంచి చూడండి. గీతలు కోసినట్టు ఉంటే పూర్తి రంగు వస్తోంది. ఎరుపు నీలంలోకి కరిగి ఊదాగా కనిపిస్తే రంగు తగ్గుతోంది.

సరిచేయాల్సిన చోట్లు రెండు. ఒకటి టీవీ. ఇన్‌పుట్ల జాబితాలో ఆ హెచ్‌డీఎంఐ గుర్తును ఎడిట్ చేసి రకం 'పీసీ' అని మార్చండి. శాంసంగ్, ఎల్‌జీ రెండింట్లోనూ ఇది ఉంది. చూడ్డానికి ఉత్త పేరులా కనిపిస్తుంది గానీ, అలా పెట్టాకే టీవీ తన లోపలి వీడియో మెరుగులన్నీ పక్కనపెట్టి 4:4:4ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. సోనీలో పిక్చర్ మోడ్ 'గ్రాఫిక్స్' పెట్టి చూడండి. రెండోది ల్యాప్‌టాప్. ఎన్‌విడియా ఉంటే కంట్రోల్ ప్యానెల్‌లో 'ఛేంజ్ రిజల్యూషన్' పేజీ అడుగున అవుట్‌పుట్ కలర్ ఫార్మాట్ ఆర్‌జీబీ (ప్రతి పిక్సెల్‌కీ పూర్తి రంగు), డైనమిక్ రేంజ్ 'ఫుల్'. ఏఎండీలో పిక్సెల్ ఫార్మాట్ 'ఆర్‌జీబీ 4:4:4 ఫుల్'. ఇంటెల్‌కి వాళ్ల గ్రాఫిక్స్ ప్రోగ్రాంలో రంగు ఫార్మాట్ ఉంటుంది. ఫుల్ పెట్టాక నలుపులో వివరాలు మునిగిపోతే టీవీలో బ్లాక్ లెవెల్‌ని కూడా దానికి జతగా మార్చాలి. నలుపు నుంచి తెలుపు దాకా ఒకవైపు 0–255, ఇంకోవైపు 16–235 అని లెక్కేసుకుంటే నలుపు మునగడమో, తెర వెలిసినట్టు ఉండటమో జరుగుతుంది.

ఇంకొకటి, చదివేటప్పుడు విండోస్‌లో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపించే వీడియో పద్ధతి) ఆపేయండి. దానికి కావాల్సిన 10 బిట్ల రంగు, 4కె, 60 హెర్ట్జ్, పూర్తి ఆర్‌జీబీ – ఇవన్నీ కలిపి హెచ్‌డీఎంఐ 2.0 దారిలో పట్టవు. పట్టించడానికి చాలాసార్లు చప్పుడు లేకుండా 4:2:2కి దిగిపోతుంది, మీ ఎర్ర దిద్దుబాట్లు మళ్లీ మసకబారతాయి.

రంగులరాట్నం

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది సరిగ్గా తలకిందులు. తెర అంచులు తెగిపోలేదు, చుట్టూ నల్లటి పట్టీ మిగిలింది. మధ్యలో బొమ్మ చిన్నదై, అక్షరాలు మసకగా ఉన్నాయి. ఏఎండీ గ్రాఫిక్స్, టీవీ 1080. టీవీలో '1:1' పెట్టే ఉంది.

తెరవెనుక

ఓవర్‌స్కాన్ చేసే టీవీ ఉంటుందేమోనని గ్రాఫిక్స్ డ్రైవరే బొమ్మను ముందుగా కుదించి పంపడం ఇది. టీవీ కోయడం లేదు కాబట్టి ఆ కుదింపు అలాగే బయటపడుతోంది. ఏఎండీ ప్రోగ్రాంలో డిస్‌ప్లే పేజీలో 'హెచ్‌డీఎంఐ స్కేలింగ్' అనే జారుడు మీట ఉంటుంది. దాన్ని 0 శాతానికి తెండి. పట్టీ పోతుంది, అక్షరాలూ తేటపడతాయి.

ఒక మాట మాత్రం అందరికీ. అంచులు తెగిన టీవీని డ్రైవర్‌లో బొమ్మ కుదించి సరిచేయమని చాలాచోట్ల చెప్తుంటారు. దయచేసి అలా చేయకండి. ల్యాప్‌టాప్ కుదించి, టీవీ సాగదీస్తే బొమ్మ తెరకి సరిపోతుంది గానీ అక్షరం రెండుసార్లు నలుగుతుంది. టీవీలోనే సరిచేయాలి.

సాయంకాలం

నా దగ్గర 32 అంగుళాల పాత టీవీ ఉంది, హెచ్‌డీ రెడీ అని రాసుంది. రిజల్యూషన్ల జాబితాలో 1280×720, 1920×1080 ఉన్నాయి. 1080 పెడితే అక్షరాల్లో కొన్ని గీతలు సన్నగా, కొన్ని లావుగా వస్తున్నాయి. 720 పెడితే అంతా మెత్తగా ఉంది. టీవీ పాడైందా?

తెరవెనుక

టీవీ బాగానే ఉందండీ. ఆ తరగతి టీవీల్లో చాలావాటికి ప్యానెల్ 1366×768. అంటే జాబితాలో ఉన్న రెండింటిలో ఏదీ దాని సొంత అంకె కాదు. 1080 పంపితే 1080 వరసల్ని 768లోకి కుక్కాలి, కొన్ని గీతలు గల్లంతవుతాయి. 720 పంపితే సాగదీయాలి.

అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోంచి అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి 'లిస్ట్ ఆల్ మోడ్స్' నొక్కండి. 1366×768 గానీ 1360×768 గానీ కనిపిస్తే అదే పెట్టండి. (1366ని 8తో భాగిస్తే నిశ్శేషంగా పోదు, 1360 పోతుంది. పాత గ్రాఫిక్స్ పద్ధతులకి 8తో భాగమయ్యే వెడల్పు కావాలి, అందుకే ఆ ఆరు పిక్సెళ్ల తేడా.) హెచ్‌డీఎంఐలో ఆ మోడ్ ఇవ్వని టీవీలు కొన్ని, వీజీఏ పోర్టులో మాత్రం ఇస్తాయి. టీవీకీ, ల్యాప్‌టాప్‌కీ వీజీఏ పోర్టు ఉంటే అది ప్రయత్నించదగ్గదే. పెట్టాక టీవీ మెనూలో 'ఆటో అడ్జస్ట్' నొక్కండి. ఇంకా నిలువు చారలుంటే ఫేజ్ కొద్దికొద్దిగా జరపండి.

ఏదీ కుదరకపోతే నా ఓటు 1080కే, స్కేల్ 150 శాతంతో. అక్షరం గీతలు ముందే లావుగా ఉంటాయి కాబట్టి కుదింపులో గల్లంతవ్వవు. తెలుగు చదవడానికి 720 కంటే అదే నయం.

అక్షరప్రియ

పోర్టు సెట్టింగు మార్చగానే 60 హెర్ట్జ్ జాబితాలోకి వచ్చింది! మౌస్ మామూలుగా కదులుతోంది. ఇన్‌పుట్‌ని 'పీసీ' చేశాను. నాలుగో_లేన్ గారు చెప్పిన నీలం, ఎరుపు పరీక్ష ఆ మార్పుకి ముందూ తర్వాతా చూశాను. ముందు 'ఖ' లోపలి చిన్న సున్న పూడిపోయి ఊదా మచ్చలా ఉంది. తర్వాత ఆ సున్న మధ్యలో నీలం కనిపించింది. ఇంతకంటే రుజువు అక్కర్లేదు. హెచ్‌డీఆర్ ఆపే ఉంది.

మిగిలింది ఆ పాత పేజీ మేకప్ ప్రోగ్రాం. మెనూలు, పేజీ అన్నీ మసకే. మిగతా ప్రోగ్రాంలన్నీ స్పష్టంగా ఉన్నాయి.

తెరవెనుక

అది టీవీ తప్పు కాదు, పాత ప్రోగ్రాంకి స్కేలింగ్ సంగతి తెలియదు. తన కిటికీని 100 శాతం లెక్కలో గీసి ఇస్తుంది, విండోస్ దాన్ని ఫోటోలా 150 శాతానికి పెంచి చూపిస్తుంది. స్కేల్ పెంచాకే అది మసకబారడానికి కారణం ఇదే.

ప్రోగ్రాం గుర్తు మీద కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, 'ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్'కి వెళ్లండి. అడుగున 'ఓవర్‌రైడ్ హై డీపీఐ స్కేలింగ్' టిక్ పెట్టి, ముందు 'సిస్టమ్ (ఎన్‌హాన్స్‌డ్)' ప్రయత్నించండి. కొన్ని పాత ప్రోగ్రాంలలో అక్షరాలు అప్పటికప్పుడు తేటపడతాయి. పని చేయకపోతే 'అప్లికేషన్' పెట్టండి. అక్షరాలు ఖాయంగా స్పష్టంగా వస్తాయి, కాకపోతే మెనూలు చిన్నవైపోవచ్చు. ప్రూఫు చూసేవాళ్లకి పేజీ ముఖ్యం, మెనూ కాదు. నేనైతే చిన్న మెనూలకే సర్దుకుంటాను. పేజీని ప్రోగ్రాం లోపలే జూమ్ చేసుకోవచ్చు.

టీవీనే మెయిన్ డిస్‌ప్లేగా పెట్టుకుని ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ రండి. ల్యాప్‌టాప్ తెర లెక్కతో తెరుచుకున్న ప్రోగ్రాంని టీవీ మీదకి ఈడ్చినా ఇలాగే మసకబారుతుంది.

ఇవన్నీ అయ్యాక, చిట్టచివర మాత్రమే, స్టార్ట్‌లో 'క్లియర్‌టైప్' అని వెతికి ట్యూనర్ నడపండి. టీవీని ఎంచుకుని, చూపించిన నమూనాల్లో తేటగా ఉన్నదాన్ని నొక్కుతూ పోవాలి. అక్షరాల అంచుల్ని నున్నగా చేయడానికి క్లియర్‌టైప్ ఒక్కో పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కల్ని విడివిడిగా వాడుకుంటుంది. కొన్ని టీవీ ప్యానెళ్లలో ఆ ముక్కలు నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరసలో ఉంటాయి. ఓలెడ్ టీవీలు చాలావాటిలో నాలుగో తెల్ల ముక్క కూడా ఉంటుంది. అలాంటిచోట అక్షరాల పక్కన రంగు నీడ కనిపిస్తుంది. ట్యూనర్‌తో తగ్గకపోతే క్లియర్‌టైప్ ఆపేసి పోల్చి చూడండి. రంగు పూర్తిగా రాకుండా దీన్ని ముందే నడిపితే తప్పుడు నమూనా నచ్చే ప్రమాదం ఉంది, అందుకే చివరన చెప్పాను.

కొత్తచిగురు

ఇవన్నీ విండోస్‌కే ఉన్నాయి. నాది మ్యాక్. 4కె టీవీకి కలిపితే అక్షరాలు పలచగా, మెత్తగా ఉన్నాయి. ఏం చూడాలి?

నాలుగో_లేన్

టీవీ వైపు చెప్పినవన్నీ మీకూ వర్తిస్తాయి: కోత లేకుండా చూడటం, షార్ప్‌నెస్, 'పీసీ' ఇన్‌పుట్. మ్యాక్ చాలా టీవీలకి ఆర్‌జీబీ బదులు వీడియో పద్ధతి రంగు పంపిస్తుంది కాబట్టి ఇన్‌పుట్ రకం మార్చాక ఒకసారి కేబుల్ తీసి పెట్టండి.

మ్యాక్ వైపు డిస్‌ప్లే సెట్టింగుల్లో '1920×1080లా కనిపించేది' ఎంచుకోండి. పేరు అలా ఉన్నా మ్యాక్ లోపల 3840×2160 పిక్సెళ్లతోనే అక్షరాలు గీస్తుంది, సరిగ్గా రెండింతలు. ఆ పేరుతోనే మామూలు 1080 మోడ్ కూడా జాబితాలో ఉండొచ్చు, 'లో రిజల్యూషన్' అని పక్కన రాసుంటే అది వద్దు. 2018లో వచ్చిన మొజావీ నుంచి మ్యాక్, క్లియర్‌టైప్ లాంటి ఉప పిక్సెళ్ల నునుపును తీసేసింది. అందుకే 1080 టీవీ మీద మ్యాక్ అక్షరాలు విండోస్ కంటే పలచగా అనిపిస్తాయి. మీది 4కె కాబట్టి రెండింతల మోడ్‌లో ఆ లోటు తెలియదు.

రాగితీగ

వైరు లేకుండా తెరను టీవీకి పంపుతుంటాను నేను, గోడ మీద టీవీ కదా. ఈ సెట్టింగులు అక్కడా పనిచేస్తాయా?

నాలుగో_లేన్

షార్ప్‌నెస్, కోత వరకు ఉపయోగపడతాయి అన్నా. కానీ వైర్‌లెస్‌లో ల్యాప్‌టాప్ తన తెరను వీడియోలా కుదించి, రంగు 4:2:0కి తగ్గించి పంపుతుంది. టీవీ దాన్ని మళ్లీ విప్పుకుంటుంది. పేజీ జరిపినప్పుడల్లా అక్షరాల చుట్టూ గళ్లు గళ్లుగా మురికి కనిపించి, కాసేపటికి తేటపడేది అందుకే. స్లయిడ్లు చూపించడానికి చాలు. గంటల తరబడి చదవాలంటే గోడ మీద టీవీకైనా పొడవాటి కేబుల్ లాగించండి. 4కె 60 హెర్ట్జ్‌కి 'ప్రీమియం హై స్పీడ్' అని ధ్రువీకరణ ముద్ర ఉన్నది తీసుకోండి. పొడవు పెరిగేకొద్దీ నేను మొదట్లో చెప్పిన మిణుగురు చుక్కలు నిజంగానే మొదలవుతాయి, అక్కడ మీ కేబుల్ సలహాకి నేనూ ఓటేస్తాను.

అక్షరప్రియ

'సిస్టమ్ (ఎన్‌హాన్స్‌డ్)' పెడితే మెనూలు తేటపడ్డాయి, పేజీ మాత్రం కాలేదు. 'అప్లికేషన్' పెట్టాను, పేజీ అద్దంలా ఉంది. మెనూలు చిన్నవే, అలవాటైపోతుంది. ఎర్ర దిద్దుబాట్లతో సహా రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. తెరవెనుక గారికీ, నాలుగో_లేన్ గారికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. టీవీని ఆపి మళ్లీ వేస్తే కొన్నిసార్లు స్కేల్ 300 శాతానికి వెళ్లిపోతోంది, అదొక్కటి ఎందుకో చెప్పగలరా?

తెరవెనుక

పెద్ద 4కె తెర కనబడగానే, దూరం నుంచి చూస్తారనుకుని విండోస్ తానే సిఫారసు చేసే అంకె అది. టీవీ ఆగి వెలిగినప్పుడు దాన్ని కొత్త తెరగా లెక్కేస్తే మళ్లీ అక్కడికే వెళ్తుంది. ముందు టీవీ వేసి, తెర వెలిగాక ల్యాప్‌టాప్‌ని నిద్రలేపి చూడండి, చాలావరకు మీ 150 అలాగే ఉంటుంది. మారినప్పుడు స్కేల్ ఒక్కటే వెనక్కి పెట్టండి, రిజల్యూషన్ జోలికి పోనక్కర్లేదు.